నాయనమ్మ గిన్నె

మా నాన్న మాట మీద నిలబడే మనిషి. వినడానికి ఇది మంచి గుణంలాగే ఉంటుంది. ఆయన నిలబడ్డ ఆ మాట కింద మనం ఉంటే తప్ప దాని బరువు తెలియదు.

రేపల్లెకూ, నగరం అనే పల్లెకూ మధ్య మా ఊరు. అక్కడి బడి ఎనిమిదో తరగతితో అయిపోయేది. ఆ తర్వాత మగపిల్లలు తెనాలికి, ఆడపిల్లలు వంటింటికి వెళ్ళేవాళ్ళు. మా అక్కకు వంటింటి మీద పెద్ద ఆసక్తి లేకపోయింది. మూడు రోజులు అన్నం మానేసింది. నాలుగో రోజు మా నాన్న తన ఇద్దరు అన్నల ఎదుట, అరుగు మీద కూర్చుని తీర్పు చెప్పాడు.

"మా అమ్మ తోడుండి వండిపెట్టినన్నాళ్ళు తెనాల్లో చదువుద్ది. ఆవిడ లేని రోజున పిల్ల ఇంటికొచ్చేస్తుంది. అంతే."

పెదనాన్నలిద్దరూ తలూపారు. ముసలమ్మ తెనాలిలో పది రోజులుంటే గొప్ప అని వాళ్ళ లెక్క. వాళ్ళకు మా నాయనమ్మ తెలుసు గాని, తెనాలి నాయనమ్మకు ఎంత నచ్చుతుందో తెలియదు. వీధి చివర కాఫీ హోటలు, గోడల మీద సినిమా బొమ్మలు, పొద్దున లేస్తే తగువాడుకోవడానికి కూరలమ్మేవాళ్ళు. ఆవిడ మూడేళ్ళు కదల్లేదు. అక్కతోపాటు నేను, నా వెనకాల తమ్ముడు కూడా తెనాలి బళ్ళకే వచ్చి చేరాం. అక్క స్కూలు ఫైనలుకు వచ్చేసరికి నేను ఏడో తరగతి, వాడు మూడు.

మేముండేది కాలవకు దగ్గర్లో ఒక టీచరమ్మగారి ఇంట్లో, వెనక వైపు రెండు గదుల్లో. ఆవిడ ఒంటరి మనిషి. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్ళేది, మిగతా ఆరు రోజులూ పిల్లల నోటుపుస్తకాలు దిద్దేది. మాట తక్కువ. కళ్ళజోడులోంచి చూస్తే మాత్రం మనం చెయ్యని తప్పులు కూడా ఒప్పేసుకోవాలనిపించేది.

బుధవారం, ఆదివారం మా ఊరి నుంచి క్యారియరు వచ్చేది. తెచ్చేది తమలపాకుల వ్యాపారం చేసే ఒక బాబాయ్. మాకేమీ చుట్టం కాదు, అయినా బాబాయే. రేపల్లె పాసింజరులో ఆకుల బుట్టలతో దిగి, ముందు మా గుమ్మంలో క్యారియరు పెట్టి, ఆ తర్వాత బజారుకు వెళ్ళేవాడు. సాయంత్రం బండికి పోతూ ఖాళీ క్యారియరు తీసుకునేవాడు.

ఆ క్యారియరుకు నాలుగు గిన్నెలు. కింద పప్పు, దాని మీద వేపుడు, దాని మీద పచ్చడి. అన్నిటికన్నా పైది నాయనమ్మ గిన్నె. ఆవిడకు అప్పటికి రెండే పళ్ళు మిగిలాయి. ఆ రెండూ ఒకదానికొకటి ఎదురుపడే చోట లేవు. అందుకని అమ్మ ఆ గిన్నెలో సొరకాయో బీరకాయో కారం లేకుండా, మెత్తగా, చెంచాతో తీసుకునేట్టు వండి పంపేది. దాంతోపాటు తడిగుడ్డలో చుట్టిన తమలపాకులు. నాయనమ్మ వాటిని చిన్న ఇత్తడి రోట్లో దంచుకుని నోట్లో వేసుకునేది.

తిరిగి వెళ్ళేటప్పుడు క్యారియరు ఖాళీగా వెళ్ళకూడదు. "ఖాళీ గిన్నె పంపితే పంపినోళ్ళిల్లు ఖాళీ అవుద్ది" అని నాయనమ్మ శాసనం. కడిగి, తుడిచి, తన గిన్నెలో ఒక బెల్లంముక్క వేసి మూత పెట్టేది. మూడేళ్ళలో ఒక్కసారి కూడా మరవలేదు.

ఆ ఏడు దసరా సెలవులు అయిన వారానికి బాపట్ల నుంచి మేనత్త భర్త వచ్చాడు. మా నాన్నకూ ఆయనకూ నాలుగేళ్ళుగా మాటల్లేవు. ఎందుకు లేవో ఇద్దరికీ సరిగ్గా గుర్తులేదు కాబట్టి కలుపుకునే మార్గం కూడా లేకపోయింది. మేనత్త నూతి దగ్గర జారిపడి కాలు విరగ్గొట్టుకుందని, ఇంట్లో ముగ్గురు పసిపిల్లలని ఆయన చెప్పాడు. చెబుతూ ఏడ్చాడు. నాయనమ్మ మూట కట్టుకుంది.

"నాలుగు రోజుల్లో వచ్చేస్తా" అంది అక్కతో. "మీ నాన్నకి మాత్రం చెప్పమాకండి. చెబితే నిన్ను లాక్కుపోతాడు. అన్నల ముందు అన్న మాట, వెనక్కి తీసుకోలేడు."

విరిగిన కాలు నాలుగు రోజుల్లో అతుక్కోదని మాకు తెలియదు. నాయనమ్మకు తెలుసనుకుంటాను.

అలా మా స్వపరిపాలన మొదలైంది.

మొదటి రోజు అక్క వండిన అన్నం రెండు రకాలుగా వచ్చింది. అడుగున మాడింది, పైన ఉడకలేదు. మధ్యలో ఒక పొర బాగుంది. దాన్ని తమ్ముడికి పెట్టాం. పైపొర నేను తిన్నాను. అడుగు అక్క తింది. తింటూ, ఇంగ్లీషు గ్రామరు పుస్తకం పళ్ళెం పక్కన పెట్టుకుని చదువుకుంది. నాలుగో రోజుకు మూడు పొరలూ కలిసి ఒకే అన్నమయ్యాయి. నాలుగో రోజే రావలసిన నాయనమ్మ మాత్రం రాలేదు. "కట్టు విప్పడానికి ఇంకా టైముంది" అని కార్డు ముక్క వచ్చింది.

పనులు పంచుకున్నాం. వంట అక్కది. కుళాయి దగ్గర వరసలో నిలబడి నీళ్ళు పట్టడం, కుంపటి రాజెయ్యడం, బట్టలు ఉతకడం నావి. ఇస్త్రీ కూడా నాదే. ఇత్తడి చెంబులో నిప్పులు పోసి యూనిఫారాల మీద తిప్పేవాణ్ణి. చొక్కా వీపున అరచెయ్యంత గోధుమరంగు మచ్చతో నేను బడికి వెళ్ళడం అప్పుడు అలవాటైంది. తమ్ముడికి ఏ పనీ చేతకాదు కాబట్టి వాడికి అబద్ధాలు అప్పజెప్పాం.

వాడికి వచ్చిన అబద్ధం ఒక్కటే.

"పెద్దమ్మా, ఆకు తెచ్చా!" అని ఆకుల బాబాయ్ గుమ్మంలోంచి కేకేసేవాడు.

"నాయనమ్మ స్నానం చేస్తోంది" అనేవాడు తమ్ముడు.

బుధవారం స్నానం. ఆదివారం స్నానం. మళ్ళీ బుధవారం స్నానం. నాలుగోసారికి బాబాయ్ బుట్ట దించి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఏంట్రా, మీ నాయనమ్మేమన్నా చేపపిల్లా? ఎప్పుడొచ్చినా నీళ్ళలోనే ఉంటది?"

అక్క తలుపు వెనక ఉంది. ఏం చెయ్యాలో తోచక, నాయనమ్మలాగా దగ్గింది. దగ్గు బాగా కుదిరింది.

"అదిగో, దగ్గు పట్టింది" అన్నాడు బాబాయ్ తృప్తిగా. "అన్నిసార్లు తానం చేస్తే పట్టదా మరి?"

ఆయన ఆ మాట ఊళ్ళో చేరవేశాడు. తర్వాతి క్యారియరులో నాయనమ్మ గిన్నెతోపాటు శొంఠిపొడి పొట్లం, మిరియాలు వచ్చాయి. అమ్మ నమ్మింది. నమ్మి, శొంఠి కొట్టి పంపింది. అక్క ఆ పొట్లాన్ని అలమరలో పై అరలో, తన కంటికి కనబడకుండా పెట్టింది.

తమలపాకుల సంగతి ఇంకో చిక్కు. వారానికి రెండు కట్టలు వస్తున్నాయి, తినేవాళ్ళు లేరు. పారేస్తే టీచరమ్మగారి కంట్లో పడతాయి. పక్కింటి మేకకు పెట్టి చూశాను. మొదట అనుమానంగా చూసింది, తర్వాత మరిగింది. సున్నం, వక్క అడగలేదు, అదే నయం. రెండు వారాలకల్లా బుధ, ఆదివారాలు ఆ మేకకు మాకన్నా బాగా గుర్తుండేవి.

మూడో వారం తమ్ముడికి జ్వరం వచ్చింది. అక్కకు ఆ రోజు లెక్కల పరీక్ష. వెళ్ళనంది. నేను వెళ్ళమన్నాను. తలుపు దగ్గర ఇద్దరం గుసగుసగా పోట్లాడుకుంటుంటే, టీచరమ్మగారు గ్లాసుతో బార్లీ నీళ్ళు పట్టుకుని లోపలికి వచ్చి మంచం పక్కన కూర్చుంది.

"నువ్వు పరీక్షకెళ్ళు" అంది అక్కతో. "ఇవాళ నాకు సెలవు."

ఆ రోజు ఏ సెలవూ లేదు. ఆవిడదీ మా అక్క బడే.

"మా నాయనమ్మ స్నానం చేస్తోందండి" అన్నాడు తమ్ముడు జ్వరంలోనే, ఎవరూ అడగకుండా.

"చెయ్యనీ నాన్నా" అంది ఆవిడ, తడిగుడ్డ వాడి నుదుటి మీద వేస్తూ.

ఆ తర్వాతి ఆదివారం తప్పు జరిగింది. చేసింది నేను.

అక్క ట్యూషనుకు వెళ్ళింది. ఆకుల బాబాయ్ బండికి టైమైపోయిందని గుమ్మంలో గంతులు వేస్తున్నాడు. క్యారియరు కడిగాను, తుడిచాను, బెల్లం డబ్బా తీశాను. డబ్బా అడుగు మెరుస్తోంది. తమ్ముడు నాకినట్టు కాదు, తోమినట్టు ఉంది. గిన్నె ఖాళీగా వెళ్ళకూడదు. కళ్ళముందు పోపుల పెట్టె ఉంది. అందులో మంగళకరమైన వస్తువు ఏదని ఆలోచించి, ఒక పసుపుకొమ్ము తీసి నాయనమ్మ గిన్నెలో వేశాను. బెల్లం కన్నా ఇదే మర్యాదగా ఉందని కూడా అనుకున్నాను.

సాయంత్రం అక్క వచ్చి అడిగింది. "గిన్నెలో ఏం పెట్టావురా?"

"పసుపుకొమ్ము."

అక్క పుస్తకాలు కింద పెట్టకుండానే కూర్చుంది.

"నాయనమ్మ పసుపుకొమ్ము పెడుతుందంట్రా?"

అప్పుడు తట్టింది నాకు. కూరలో వేసే పసుపు వేరు. ముత్తైదువకు పసుపుకొమ్ము ఇవ్వడం వేరు. తాతయ్య పోయిన దగ్గర్నుంచి నాయనమ్మ ఒకరికి పసుపు ఇచ్చి ఎరగదు. పేరంటాల్లో పసుపు పళ్ళెం చేతులు మారేటప్పుడు లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఎవరూ వెళ్ళమనేవాళ్ళు కాదు. ఎవరూ ఉండమనేవాళ్ళూ కాదు. అలాంటి మనిషి కోడలికి పసుపుకొమ్ము పంపడం అంటే, తెనాలిలో ఆ మనిషి లేదని రాసి, కింద సంతకం పెట్టి పంపడమే.

"అమ్మ మూత తియ్యంగానే తెలిసిపోద్ది" అంది అక్క. "అమ్మకి తెలిస్తే నాన్నకి చెప్పకుండా ఉండదు."

మూడు రోజులు అక్క పుస్తకం ముట్టుకోలేదు. మంగళవారం తన బట్టలు మడతపెట్టుకుని పెట్లో సర్దుకుంది. పెట్టె సగం నిండింది. ఆ ఖాళీ సగంలో పుస్తకాలు పెట్టాలా వద్దా అని చాలాసేపు చూసి, మూత వేసేసింది. తమ్ముడు తను కూడా ఊరెళ్ళాలా, వెళ్తే జామచెట్టు ఎక్కొచ్చా అని అడిగి నా చేత దెబ్బ తిన్నాడు. బెల్లం తిన్నది వాడు గదా.

బుధవారం బాబాయ్ వచ్చాడు. ఒక్కడే వచ్చాడు. అదే పెద్ద ఆశ్చర్యం. తమలపాకులు ఇచ్చాడు, తమ్ముడి చేత స్నానం సంగతి చెప్పించుకున్నాడు, వెళ్ళిపోయాడు.

అక్క క్యారియరు విప్పింది. నాయనమ్మ గిన్నె మూత తీసింది. లోపల జంతికలు. కరకరలాడేవి, కొరికితే రెండిళ్ళ అవతలికి వినబడేవి. రెండు పళ్ళున్న మనిషికి ఏ కోడలూ పంపనివి.

తమ్ముడు చెయ్యి పెట్టబోతే అక్క వాడి చెయ్యి పట్టుకుంది. పట్టుకునే ఉంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, మొహం నవ్వుతోంది.

"అమ్మకి తెలిసిపోయిందిరా" అంది. "నాన్నకి చెప్పలేదు."

మా అమ్మకు చదువు రాదు. సంతకం కూడా వేలిముద్రే. ఆ సాయంత్రం అక్క పెట్టె విప్పి బట్టలు మళ్ళీ దండెం మీద వేసింది.

ఆ తర్వాత రెండు వారాలు మేం బాగా బతికాం. పై గిన్నెలో చెగోడీలు, వేయించిన శనగలు, ఒకసారి సున్నుండలు వచ్చాయి. బెల్లం లేదు కాబట్టి మేం పసుపుకొమ్ములే వేసి పంపేవాళ్ళం. ఊరికి చూపించడానికి తమలపాకులు మాత్రం మామూలుగానే వచ్చేవి. మేక ఒళ్ళు చేసింది.

మూడో బుధవారం అక్క మూత తీసి ఆగిపోయింది. గిన్నెలో సొరకాయ కూర. కారం లేకుండా, మెత్తగా, చెంచాతో తీసుకునేట్టు.

"అమ్మ మర్చిపోయిందా?" అన్నాను.

అక్క తల అడ్డంగా ఊపింది. "నాయనమ్మ ఉండాలంటోంది. నాన్న వస్తున్నాడు."

నన్ను బాపట్ల పంపించాలని నిర్ణయమైంది. ఒంటరిగా నేనెప్పుడూ రైలెక్కలేదు. ఈ సంగతి నేను చెప్పలేదు, అక్క అడగలేదు. సందు చివర టీచరమ్మగారు ఎదురొచ్చి నన్ను, నా సంచిని చూసింది.

"బాపట్లకా?"

"అవునండి" అన్నాను. అబద్ధాలు తమ్ముడి శాఖ, నాకు అలవాటు లేదు.

"చుండూరు, నిడుబ్రోలు దాటాక తలుపు దగ్గరికొచ్చి నిలబడు. నిద్రపోతే చీరాల్లో తేలతావ్. మీ నాయనమ్మగారికి నా నమస్కారాలు చెప్పు. నెల దాటింది ఆవిణ్ణి చూసి."

బాపట్ల చేరేసరికి దీపాలు పెట్టలేదు ఇంకా. మేనత్త మంచం మీద, కట్టు కట్టిన కాలు దిండు మీద పెట్టుకుని ఉంది. నాయనమ్మ ముగ్గురు పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి ముద్దలు పెడుతోంది. నన్ను చూసి ముద్ద గాల్లోనే ఆపింది.

"నీ గిన్నెలో మళ్ళీ మెత్తటి కూరొచ్చింది" అన్నాను.

ఆవిడకు ఇంకేం చెప్పనక్కర్లేకపోయింది.

"ఎప్పుడొస్తాడంట?"

"తెలీదు. రేపేమో."

"పొద్దున మొదటి బండికి పోదాం. ముందు నువ్వు చేతులు కడుక్కో. చిక్కి సగమయ్యావ్, ఆ చొక్కా మీద మచ్చేంట్రా?"

మర్నాడు తొమ్మిది కాకుండానే తెనాలిలో దిగి రిక్షా ఎక్కాం. ఇంట్లోకి వస్తూనే నాయనమ్మ మంచం మీద కాళ్ళు చాపుకుని, ఇత్తడి రోలు ముందు పెట్టుకుని, పుట్టినప్పటి నుంచి అక్కడే ఉన్నట్టు కూర్చుంది. పదింటికి నాన్న వచ్చాడు, భుజం మీద బియ్యం మూటతో. మూట దించి తల్లి వైపు చూశాడు.

"ఎట్లా ఉన్నావమ్మా? దగ్గు తగ్గిందా?"

ఆ దగ్గు గురించి ఆవిడకు చెప్పడం అందరం మరిచాం. అక్క అలమర వైపు తిరిగిపోయింది.

"ఏ దగ్గని చెప్పన్రా?" అంది నాయనమ్మ, రోకలి ఆపకుండా. "పొడిదీ వచ్చె, తడిదీ వచ్చె. ఈ ఊరి నీళ్ళు అట్లాంటియ్యి."

"మరి స్నానాలు కాస్త తగ్గించు."

"ఏంటీ?"

"ఏం లేదులే."

రోలు చప్పుడుకో, ఆకు వాసనకో, పక్కింటి మేక గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నాన్న దాన్ని చూశాడు. అది నాన్నను పట్టించుకోకుండా నాయనమ్మ చేతిని చూసింది.

"ఈ మేకేంట్రా?"

"నాయనమ్మ ఆకు కోసం వచ్చింది" అన్నాడు తమ్ముడు. ఆ నెలన్నరలో వాడు చెప్పిన మొదటి నిజం అదే. చెప్పడానికి వాడు ఎంచుకున్న సమయం అదీ.

నాన్న కాళ్ళు కడుక్కుని భోజనానికి కూర్చున్నాడు. అక్క వడ్డించింది. ఆయన ముద్ద కలుపుతూ అన్నాన్ని వేళ్ళతో ఒకసారి నొక్కి చూశాడు. నాయనమ్మ ఎప్పుడూ కాస్త చిమిడ్చేది. ఇది పొడిపొడిగా, పదునుగా ఉంది.

"అన్నం బాగుంది" అన్నాడు. రెండోసారి పెట్టించుకున్నాడు.

సాయంత్రం బండికి లేచాడు. నిన్న బాబాయ్ తీసుకెళ్ళకుండా వదిలిన క్యారియరు తనే తీసుకెళ్తానన్నాడు. కడిగి తెచ్చాను. నాయనమ్మ అలవాటుగా బెల్లం డబ్బా అందుకుని మూత తీసి చూసింది. మూడు వారాలుగా అందులో ఏమీ లేదు. మూత పట్టుకుని అలాగే ఉండిపోయింది. అక్క నా వైపు చూసింది. నేను తమ్ముడి వైపు చూశాను. వాడు మేక వైపు చూశాడు.

నాన్న తన సంచిలో చెయ్యి పెట్టి, కాగితంలో చుట్టిన పెద్ద బెల్లం అచ్చు తీసి అక్క చేతిలో పెట్టాడు.

"ఇందులోంచి పెట్టి పంపుతా ఉండండి" అన్నాడు. "పసుపుకొమ్ములు మనింట్లో చాలా ఉన్నయ్."

అక్క బెల్లం చిన్నముక్క కొట్టి పై గిన్నెలో వేసింది. మూత సరిగ్గా పట్టలేదు. నాన్నే వంగి మూత నొక్కి, క్యారియరు కడ్డీ బిగించాడు. చెప్పులు తొడుక్కున్నాడు. వీధిలోకి వెళ్ళాక ఒకసారి వెనక్కి తిరిగి, "బాగా చదువుకో" అన్నాడు. ఆ మాట అక్కతో అన్నాడో, ముగ్గురితో అన్నాడో తెలియలేదు.

"పసుపుకొమ్ములేంటే?" అంది నాయనమ్మ. ముగ్గురం ఎవరి పనిలో వాళ్ళం పడ్డాం. అడగడం ఆపి ఆవిడ మళ్ళీ మూట కట్టుకుంది. బాపట్లలో కట్టు విప్పడానికి ఇంకా పది రోజులుంది.

తర్వాతెప్పుడో అమ్మ చెప్పింది. ఆ ఆదివారం ఆకుల బాబాయ్ దగ్గర క్యారియరు దారిలో అందుకున్నది నాన్న. ఇంటికి తెచ్చి, ఏమీ ఎరగనట్టు అమ్మకిచ్చాడు. అమ్మ విప్పి చూసి, ఏమీ ఎరగనట్టు దాచింది. ఆయన మూత తీశాడని ఆవిడకు అప్పట్లో తెలియదు. ఒక ఇంట్లో ఇద్దరు మనుషులు ఒకే రహస్యాన్ని ఒకరి నుంచి ఒకరు రెండు వారాలు కాపాడారు. మా నాన్న ఎక్కడికన్నా వెళ్ళాలంటే చెప్పులు తొడుక్కున్నాక చెప్పే మనిషి. ఆసారి మాత్రం అమ్మ సొరకాయ తరగడానికి వీలుగా, రెండు రోజుల ముందే, రెండుసార్లు చెప్పాడట.

తెలిస్తే మాట నిలబెట్టుకోవాలి. అందుకని ఆయన జాగ్రత్తగా తెలుసుకోలేదు. ఆ తర్వాత నాయనమ్మ బాపట్ల నుంచి తిరిగొచ్చే దాకా మళ్ళీ తెనాలి వైపు రాలేదు కూడా.

అక్క స్కూలు ఫైనలు పాసైంది. ఆ తర్వాత ఇంకా చాలా పాసైంది. నాన్న ఇచ్చిన బెల్లం అచ్చు రెండు నెలలు రావలసింది, తమ్ముడి పుణ్యాన ఆ ఆదివారానికే అయిపోయింది. బాబాయ్ గుమ్మంలో తొందరపెడుతుంటే అక్క పెరట్లోకి పరిగెత్తి, టీచరమ్మగారి చెట్టు నిమ్మకాయ ఒకటి కోసుకొచ్చి గిన్నెలో వేసింది.

బుధవారం పై గిన్నెలో నిమ్మకాయ పులిహోర వచ్చింది. దాని పక్కన, కాగితంలో చుట్టి, ఇంకో బెల్లం అచ్చు.